నలభై ఆరు ఫోటోల్లో ఒకే ముక్కు

దుప్పట్లు పదిహేడు. కళ్ళజోళ్ళు ఆరు. విత్తనాల బస్తాలు ఆరు. పొగరాని పొయ్యిలు అయిదు. కుట్టుమిషన్లు నాలుగు. రేడియోలు మూడు. సూడి గొర్రెలు రెండు. చంకకర్రలు ఒక జత, బాలింతల సంచి ఒకటి, ఇంటి తాళంచెవి ఒకటి. వెరసి నలభై ఆరు. ఇవన్నీ ప్రభుత్వం వారు స్వహస్తాలతో ఒకే మనిషి చేతిలో పెట్టారు. ఆ మనిషి వీటిలో ఒక్కటంటే ఒక్కటి ఇంటికి పట్టుకెళ్ళిన పాపాన పోలేదు.

ఆయన్ని అందరూ లబ్ధిదారు అనే పిలిచేవారు. సొంత పేరు జీతాల పుస్తకంలో ఉండేది, అక్కడే ఉండిపోయింది. చేసిన ఉద్యోగం జిల్లా ఆఫీసులో బంట్రోతు. చదువు అయిదో తరగతి, అదీ ఒకే గది ఉన్న బడిలో, ఒకే బెంచీ మీద. అయినా పంతొమ్మిదిమంది జిల్లా అధికారుల చేతుల్ని అంత దగ్గరగా చూసినవాడు ఆ ప్రాంతంలో మరొకడు లేడు. ఎవరి అరచేయి చెమట పట్టేది, ఎవరు దుప్పటిని రెండు వేళ్ళతో పట్టుకుని ఇచ్చేవారు, ఎవరు ఇచ్చినట్టే ఇచ్చి ఫోటో అయ్యేదాకా వదిలేవారు కాదు, అన్నీ ఆయన నోటికి వచ్చు.

ఉత్తరాన, కొండల్లో, చిట్టచివరి జిల్లా అది. ఏడాదిలో ఆరు నెలలు మంచు. రాజధానిలో పథకాలు తయారుచేసే పెద్దలకి వెచ్చటి గదులుండేవి కాబట్టి ఈ సంగతి వాళ్ళ బుర్రకెక్కేది కాదు. ఆర్థిక సంవత్సరం ముగిసే నెలకల్లా పంపకాలు పూర్తయి, ఫోటోలు తమ బల్ల మీదికి చేరాలని వాళ్ళ ఉత్తర్వు. సరిగ్గా ఆ నెలలోనే కొండదారి మూసుకుపోయి ఉండేది. పైఊళ్ళవాళ్ళు కిందికి రాలేరు, కింది అధికారి పైకి పోలేడు. దుప్పట్లు గోదాములో, చలి కొండమీద. ఫోటో లేకపోతే పంపకం జరగనట్టే. ఫోటో ఉంటే, పంపకం జరగకపోయినా జరిగినట్టే.

ఆ మొదటి ఏడు ఆఫీసు ముందు అధికారి వచ్చి నిలబడ్డాడు, దుప్పటి వచ్చింది, కెమెరా ముక్కాలిపీట మీదికెక్కింది. పుచ్చుకునేవాడే లేడు. నల్లగుడ్డ కింద తల పెట్టిన ఫోటోమేస్త్రి అందులోంచే బంట్రోతుని కేకేశాడు.

“ఒరేయ్, ఆ గోడకున్న టోపీ పెట్టుకుని ఇటు రా.”

“ఎందుకండీ?”

“ఇవాళ నువ్వు గొర్రెలకాపరివి.”

“నాకు గొర్రెల్లేవండీ.”

“ఆ ఇచ్చే ఆయనకి మాత్రం ఉన్నాయేంట్రా? నిలబడు.”

నిలబడ్డాడు. అలా మొదలైంది. మొదటి ఫోటోలో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. మేస్త్రి ఆ కాయితాన్ని ఆయన మొహం ముందు ఆడించి చివాట్లు పెట్టాడు. “పళ్ళతో చూపిస్తే పెళ్ళిఫోటో అవుతుందిరా. కృతజ్ఞత మెడతో చూపించాలి.” ఆ ఒక్క మాటని పట్టుకుని లబ్ధిదారు ముప్పై ఏళ్ళు సాధన చేశాడు. దుప్పటికి మెడ నాలుగు వేళ్ళు వంచాలి. విత్తనాలకి రెండు వేళ్ళు చాలు, రైతుకి కాస్త పౌరుషం ఉండాలి కదా. రేడియోకి మెడ వంచనే కూడదు, ఆశ్చర్యపోవాలి. కళ్ళజోడు పెట్టగానే మొట్టమొదట అధికారి మొహమే చూసి పొంగిపోవాలి. చంకకర్రల రోజున మాత్రం చిన్న పొరపాటు జరిగింది. సాధన చేసినప్పుడు కుడికాలు కుంటాడు, ఫోటోలో ఎడమకాలు కుంటాడు. రాజధానిలో దాన్ని రెండు కాళ్ళకీ సాయం అందినట్టుగా రాసుకున్నారు. బాలింతల సంచి రోజున తలమీదుగా శాలువా కప్పి కెమెరాకి వీపు పెట్టి నిలబెట్టారు. అధికారి సంచి అందిస్తూ, “జాగ్రత్తమ్మా, బరువులెత్తకు” అన్నాడు. ఆ మాట చెప్పుకున్నప్పుడల్లా లబ్ధిదారు ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

ఫోటో అయిన మరుక్షణం స్టోరు గుమాస్తా పుస్తకం పట్టుకుని వెనకే నిలబడి ఉండేవాడు. అందుకున్నది అందుకున్నట్టే అప్పగించి, సంతకం పెట్టి, టోపీ మేకుకి తగిలించి, మళ్ళీ టీ కప్పులు కడగడానికి పోయేవాడు. మంచు కరిగాక అసలువాళ్ళకి సగమో పావో చేరేవి. అది వేరే కథ, దానికి ఫోటోల్లేవు. ఒక్క నూలుపోగు ఏనాడూ తగ్గలేదని ఆయన గొప్ప. పైగా ఒక సూడి గొర్రె ఫోటోకీ అప్పగింతకీ మధ్యలోనే ఈనింది.

“ఇచ్చింది ఒకటి, తిరిగిచ్చింది రెండు! ప్రభుత్వానికి లాభం చూపించిన లబ్ధిదారుణ్ణి ఈ దేశం మొత్తానికి నేనొక్కణ్ణే,” అనేవాడు ఎవరు కనిపించినా. వినేవాళ్ళు లేకపోతే పొయ్యిలో కట్టెలకి చెప్పేవాడు.

ఫోటోల కింద పేర్లు రాసే అలవాటు లేదు. ‘ఒక గొర్రెలకాపరి’, ‘ఒక నేతగాడు’, ‘ఒక మాజీ సైనికుడు’ అని రాసి ఊరుకునేవాళ్ళు. ఒక్క ఇంటి తాళంచెవి నాడు మాత్రం కథ అడ్డం తిరిగింది. ఆ అధికారి కొత్తగా వచ్చిన పట్టుదల మనిషి. పేరూ, తండ్రి పేరూ ఉండి తీరాలన్నాడు. మేస్త్రి ఏదో ఒకటి అల్లి రాసేవాడే. కానీ లబ్ధిదారుకి ఎక్కడలేని ఆశ పుట్టింది. అన్నేళ్ళు నిలబడ్డాడు, ఒక్కసారైనా రాజధానిలో తన పేరు చదవాలి కదా అనుకుని, సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరుతో సహా అక్షరం అక్షరం దగ్గరుండి రాయించాడు. ఇంటికెళ్ళి ఆ సంగతి చెబితే ఇంటావిడ కుడుతున్న కోటు మీంచి తలెత్తకుండా, “తాళంచెవి ఏదీ?” అంది.

ఇరవై ఆరేళ్ళు గడిచాయి. ఫోటోమేస్త్రి పోయాడు. లబ్ధిదారు రిటైరై పదకొండేళ్ళయింది. అయినా ఆఫీసు వెనక ఒంటిగది క్వార్టరులోనే ఉంటున్నాడు. ఆ గదిలో ఉత్తరపు గోడ చెమర్చేది, చలికాలం ఆ చెమ్మే పేరుకుని తెల్లగా మెరిసేది. అలాంటి గది మరెవరూ అడగలేదు కనుక ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు. ఇప్పుడు పొమ్మన్నారు. ఈ నెలాఖరుకి క్వార్టరు పడగొట్టి అక్కడ ఒక భవనం కడతారట. పాత ప్రభుత్వ ఫోటోలన్నీ భద్రం చెయ్యడానికి. లోపల ఏడాది పొడవునా వెచ్చగా ఉండే ఏర్పాటట.

“ఫోటోలకి చలి పడదట,” అన్నాడు నోటీసు చదివి.

“నువ్వు ఫోటోవి అయితే నిన్నూ లోపలే ఉంచుదురు,” అంది ఇంటావిడ.

ఊరి చివర వాలు మీద నలభై ఇళ్ళు కట్టారు. ఇవి నిజంగానే కట్టారు, వెళ్ళి తలుపులు తట్టి చూసొచ్చినవాళ్ళున్నారు. రెండు గదులు, చెక్కనేల, పొయ్యి, దక్షిణానికి కిటికీ. ఇల్లు లేని ముసలివాళ్ళకి ఇస్తున్నారు. లబ్ధిదారు దరఖాస్తు పెట్టాడు. వారం తిరక్కుండానే ఇళ్ళ సెక్షను గుమాస్తా కబురుపెట్టాడు. జాబితా శనివారంతో ముగుస్తుందని, ఈలోగా ఒక చిక్కు తేల్చాలని.

గుమాస్తా ముందు కుర్చీ చూపించి, తర్వాత ఫోటో చూపించాడు. “బాబాయ్, మీకు ఇల్లుందిగా?”

ఎనభై ఎనిమిదో నంబరు ఫోటో. లబ్ధిదారు దాన్ని అందుకుని కిటికీవైపు తిప్పాడు. మొహం వెలిగిపోయింది. “ఆహా, వెలుతురు చూశావా? తాళంచెవి మీద ఎలా మెరిసిందో! మా మేస్త్రి అరగంట ఆపాడు మమ్మల్ని ఆ ఎండకోసం.”

“ఎండ సంగతి ఉండనివ్వండి. ఇల్లు నంబరు ఇరవై ఏడు. మీ పేరు, మీ నాన్నగారి పేరు, మీ తాతగారి పేరు. ఎవరూ ఇంత వివరంగా రాయించుకోరు. రెండేళ్ళకోసారి సున్నం, పదమూడుసార్లు. పైకప్పు మరమ్మతు మూడుసార్లు. పోయినేడు కిటికీలకి కొత్త అద్దాలు.”

“అంత బాగా చూసుకుంటున్నారా? ఎక్కడరా ఆ ఇల్లు?”

“మీ ఇల్లు ఎక్కడో మీరు చెప్పాలి గానీ నన్నడుగుతారేంటి బాబాయ్?”

“అదీ... ఆ తాళంచెవి మన కట్టెల గదిదిరా. ఇరవై ఆరు ఇళ్ళయ్యాక మంచు పడిపోయింది. ఫోటోకి టైమైపోయింది. మేస్త్రి జేబులో అదుంది.”

గుమాస్తా అటూ ఇటూ చూసి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మంచివాడే. “అయితే ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి. ఫోటోలో ఉన్నది నేనే, ఇల్లు మాత్రం ఇవ్వలేదు, ఉత్తినే నిలబడ్డాను అని. శనివారంలోగా ఇచ్చారా, మీ ఇల్లు మీది.”

లబ్ధిదారుకి ఒళ్ళు మండింది. “ఉత్తినే నిలబడటమేంట్రా? ఏదీ, లే. నువ్వు నిలబడు. ఇదుగో, ఈ ఫైలు దుప్పటి అనుకో. పుచ్చుకో.”

గుమాస్తా మొహమాటానికి లేచి పుచ్చుకున్నాడు.

“చూశావా! పక్కింటివాడు పేపరిస్తే తీసుకున్నట్టు తీసుకున్నావు. ఆ భుజాలేంటి? ఈ మొహం చూస్తే రాజధానిలో మరుసటేడు దుప్పట్లు ఆపేస్తారు. ఉత్తినేనట!”

విసవిసా బయటికొచ్చాడు కానీ, మెట్లమీద ఆగి వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. నెలాఖరుకి పంతొమ్మిది రోజులే ఉన్నాయి. వయసు డెబ్బై దాటింది. బయట మంచు మోకాలి లోతుంది.

మర్నాడు మరో కబురు. ఆఫీసు మేడమీద పెద్ద హాల్లో ‘ఉత్తర ప్రాంతం: పాలన, ప్రజాజీవనం’ అని పాత ఫోటోల ప్రదర్శన పెడుతున్నారు. సోమవారం ప్రారంభం. రాజధానినుంచి వచ్చిన ఫోటోల మేడమ్ ఆయన్ని చూడాలంటోందట. లబ్ధిదారు గడ్డం గీసుకుని వెళ్ళాడు.

మేడమ్ చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని ఒక్కో ఫోటోనీ పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తుతోంది. ఆయన్ని చూడగానే, ముఖ్యంగా ఆయన ముక్కు చూడగానే, ఎగిరి గంతేసినంత పనిచేసింది. ఆ ముక్కు నడిమధ్య ఒక మెట్టు ఉంటుంది, చిన్నప్పుడు మంచుబండి గుద్దుకుని పడ్డ మెట్టు. ఆమె బల్లమీద ఒక పెద్ద కాగితం పరిచి ఉంది. దానిమీద గీతలూ గళ్ళూ.

“మీ వంశవృక్షం తాతగారూ. మూడు నెలలు పట్టింది. ఈ గొర్రెలకాపరి పెద్దన్నయ్య. నేతాయన రెండో ఆయన. సైనికుడు మూడు. ఈ రైతు ఆఖరివాడు. నలుగురికీ అదే ముక్కు! ఇదుగో, సంచి పుచ్చుకునే ఈ చెల్లెలికి కూడా పక్కనుంచి కొద్దిగా కనిపిస్తుంది. ఒకే కుటుంబాన్ని ప్రభుత్వం ఎంత చక్కగా పైకి తెచ్చిందో అని వ్యాసం రాశాను. ఇందులో మీరెవరు?”

“అందరూ నేనేనమ్మా.”

“అదే, నలుగుర్లో?”

“నలుగురూ నేనే.”

“మరి ఈ చెల్లెలు?”

“ఆవిడా నేనే. బరువులెత్తొద్దన్నారు నన్ను.”

మేడమ్ చేతి తొడుగులు ఊడదీసి కుర్చీలో కూలబడింది. “అంటే నలభై ఆరూ అబద్ధాలేనా?” అంది.

ఆ మాట ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. “అబద్ధమేముందమ్మా ఇందులో? దుప్పటి నిజం. అధికారి నిజం. చలి నిజం. నిలబడ్డది నేను, నేనూ నిజమే. మంచులో గంటసేపు కదలకుండా నిలబడ్డాను, ఆ చలికి కాలు ఇప్పటికీ లాగుతుంది. ఎవరైనా ఒకరు నిలబడాలిగా?”

మేడమ్ వంశవృక్షం కాగితాన్ని చుట్టచుట్టి పక్కన పెట్టింది. తర్వాత ఉన్నమాట చెప్పేసింది. “నోటిమాటగా చెప్పారు, నేను వినలేదనుకుంటాను. సోమవారం వేదికమీద మీకు కుర్చీ వేయిస్తున్నాను, మీరొచ్చి కూర్చోండి. కానీ మీరు రాతపూర్వకంగా ఇచ్చారంటే నా చేతుల్లో ఏమీ ఉండదు. ఒక్క ఎనభై ఎనిమిదే కాదు, ఆ ముక్కున్న ప్రతి ఫోటో వెనకా ‘నకిలీ’ అని ముద్రకొట్టి కింది గదికి పంపాలి. అక్కడ ఎలుకలున్నాయి తాతగారూ.”

ఇదీ పేచీ. రాసిస్తే ఇల్లొస్తుంది, జీవితకాలం చేసిన పని ఎలుకలపాలవుతుంది. రాయకపోతే గోడమీద వెలిగిపోతాడు, గోడ బయట వణికిపోతాడు.

ఇంట్లో ఆ రెండు రోజులూ పొయ్యి కంటే వాళ్ళ మాటలే వేడిగా మండాయి.

“ఇల్లు ఇవాళ కాకపోతే రేపొస్తుంది. పేరు పోతే మళ్ళీ వస్తుందా?” అన్నాడు.

“ఏ పేరయ్యా? నలభై అయిదింటి కింద నీ పేరే లేదు. ఉన్న ఒక్కదానివల్లే కదా ఇప్పుడు ఇల్లు పోతోంది!”

“నువ్వు చూసుంటే అలా అనవు. చూళ్ళేదు కాబట్టి నోరొస్తోంది.”

“చూపించావా ఏనాడైనా? సరే, రేపు తీసుకెళ్ళు. నీకు ఇచ్చినవన్నీ అక్కడే ఉన్నాయిగా, వీలుంటే అక్కడే కాపురం పెట్టొస్తాను.”

నిజమే. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటినా ఆమె ఒక్క ఫోటో చూడలేదు. అవి రాజధానికి పోయేవి. ఆఫీసులోకి ఇంట్లోవాళ్ళకి ప్రవేశం లేదు. ఆమెకి తెలిసిందల్లా సాయంత్రం ఆయన చెప్పుకునే గొప్పలు. అవి వింటూ ఆమె బడిపిల్లల కోట్లు కుట్టేది, చేత్తో.

శుక్రవారం పొద్దున్న ఇద్దరూ వెళ్ళారు. హాలు ఖాళీగా ఉంది. గోడలనిండా ఫోటోలు. సభలు, వంతెనలు, బడి ముందు వరసగా నిలబడ్డ పిల్లలు, మంచు తవ్వుతున్న మనుషులు, బల్లల చుట్టూ కోట్లు. వాటి మధ్య మధ్యలో ఆయన. లబ్ధిదారు ముందు నడుస్తూ చేతికర్రతో చూపించుకుంటూ పోయాడు. ఇది ఏ అధికారి, ఆ రోజు చలి ఎంత, మెడ ఎంత వంచాడు. ఆమె ఒక్కోటీ చూస్తూ వెనకే నడిచింది. బాలింతల సంచి దగ్గర మాత్రం ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి ఆయన పొంగిపోయాడు. “చెప్పానా!” అన్నాడు.

తర్వాత కుట్టుమిషను ఫోటో వచ్చింది. ఆమె ఆగింది. కళ్ళజోడు లేకపోవడంతో ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరికి వంగింది.

“ఇది ఏ ఏడు?”

చెప్పాడు.

“ఆ చలికాలం నేను అరవై కోట్లు కుట్టాను. బొటనవేలు వాచిపోయి చీము పట్టింది, గుర్తుందా?”

“ఊ.”

“నువ్వు దానిమీద చెయ్యి వేశావు కదా. ఎలా ఉంది?”

“చల్లగా ఉంది.”

“నున్నగా ఉంటుందా ఆ చక్రం?”

“ఉంటుంది. వేలితో తోస్తే చాలు, అదే తిరుగుతుంది.”

“తిప్పావా?”

“ఒక్కసారి. మేస్త్రి తిట్టాడు, కదిలితే ఫోటో పాడవుతుందని.”

ఆమె తలూపి పక్కకి నడిచింది. గోడమీద ఇంకో మిషను, తర్వాత ఇంకోటి, ఇంకోటి. “నాలుగుసార్లు,” అంది, లెక్క తప్పలేదని చెప్పినట్టు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడు. వెనక నిలబడ్డ లబ్ధిదారు మెడ ఏ మేస్త్రీ చెప్పకుండానే వంగిపోయింది, నాలుగు వేళ్ళు కాదు, గడ్డం గుండెకి తగిలేదాకా.

ఆ మధ్యాహ్నమే కాగితం, కలం తీసుకుని కూర్చున్నాడు. ఒప్పుకోలు రాద్దామనే కూర్చున్నాడు. చెయ్యి మాత్రం అలవాటుకొద్దీ గొప్పలు రాసింది. “నేను పైన చెప్పిన నలభై ఆరు వస్తువులను పంతొమ్మిదిమంది గౌరవనీయ అధికారుల చేతులమీదుగా అందుకొని, ఫోటో అయిన పిమ్మట యథాతథంగా స్టోరులో అప్పగించితిని. ఒక గొర్రె విషయములో అధికముగా అప్పగించితిని. నా మెడను గురించి ఫోటోమేస్త్రిగారు పలుమార్లు మెచ్చుకొనిరి. ఇల్లు నంబరు ఇరవై ఏడు అనునది లేదు. ఆ తాళంచెవి కట్టెల గదిది. కావున నాకు ఇల్లు లేదని మనవి.” నాలుగు పేజీలయింది. ఆఖరి మూడు వాక్యాలు రాయడానికి మొదటి మూడున్నర పేజీల కంటే ఎక్కువసేపు పట్టింది.

శనివారం ఆ నాలుగు పేజీలూ గుమాస్తా చేతినుంచి సూపర్నెంటు చేతికి వెళ్ళాయి. సూపర్నెంటు లావుపాటి మనిషి, గదిలో చలి ఉన్నా చెమట పట్టింది. ఇల్లు నంబరు ఇరవై ఏడుకి వేసిన సున్నం బిల్లుల్లో ఆఖరి అయిదింటికీ, పైకప్పు బిల్లుకీ, అద్దాల బిల్లుకీ కింద ఉన్న సంతకం ఆయనదే. లబ్ధిదారునీ ఇంటావిడనీ లోపలికి పిలిచి, స్వయంగా కుర్చీలు లాగాడు.

“పెద్దాయనా, ఇది పైకి పంపితే ఏమవుతుందో తెలుసా? విచారణ. మూడేళ్ళు. అప్పటిదాకా మీకూ ఇల్లుండదు, నాకూ నిద్రుండదు. నా మాట వినండి. ఆ ఇల్లు లేదని ఎందుకనాలి? ఉంది. ఉండేది. మొన్నటి మంచుకి కూలిపోయింది. కూలిందని ఒక్క సంతకం పెట్టండి చాలు, బాధితుల కోటాలో ఇవాళే కొత్తిల్లు రాస్తాను. మీ ఫోటోలు గోడమీదే ఉంటాయి. వేదికమీద కుర్చీ ఉంటుంది. అందరికీ హాయి.”

కోరుకున్నవి రెండూ పళ్ళెంలో పెట్టి ముందుకి జరిపినట్టయింది. లబ్ధిదారు కలం తీసుకున్నాడు. కాగితం చూశాడు. కలం కింద పెట్టేశాడు.

“నిలబడమంటే నిలబడతానండీ. సంతకం పెట్టను.”

“ముప్పై ఏళ్ళు నిలబడ్డవాడికి సంతకం ఒక లెక్కా?”

“నిలబడటం డ్యూటీ అండీ. మీరు నిలబెట్టారు, నిలబడ్డాను. స్టోరు పుస్తకంలో నేను పెట్టిన సంతకాలన్నీ నిజానివే. తీసుకున్నానని ఎక్కడా పెట్టలేదు, తిరిగిచ్చానని పెట్టాను. ఇప్పుడు లేని ఇల్లు కూలిందని పెట్టలేను.”

సూపర్నెంటు తల పట్టుకున్నాడు. గోడగడియారం నాలుగున్నర చూపిస్తోంది. జాబితా అయిదుకి మూసేస్తారు.

పక్క కుర్చీలోంచి ఇంటావిడ ముందుకి వంగింది. “అయ్యా, ఆ ఇంటికి ఎన్నిసార్లు సున్నం వేశామన్నారు?”

“పదమూడు.”

“మా క్వార్టరుకి?”

సూపర్నెంటు బల్లమీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

“ఇటివ్వండి ఆ కాగితం. ఇంట్లోవాళ్ళు ఎవరు పెట్టినా సరిపోతుందా?”

“సరిపోతుందమ్మా! కానీ మీరూ...”

“ఇరవై ఆరేళ్ళు ఆ ఇంట్లో కాపురం చేసిందాన్ని నేను. కూలిందో లేదో నాకు తెలియదా? కారణం అన్న చోట ఏం రాశారు?”

“మంచు బరువు.”

“ఒక్క మంచేనా? పదిహేడు దుప్పట్లు, నాలుగు మిషన్లు, మూడు రేడియోలు, అన్ని బస్తాలు, గొర్రెలు... అన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయిగా! ఏ కప్పు ఆగుతుందండీ? సామాను బరువు అని కూడా చేర్చండి.”

గుమాస్తా నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాడు. సూపర్నెంటు చేర్చాడు. ఆమె సంతకం పెట్టింది, కుట్టు వేసినట్టు, చిన్నగా, గట్టిగా. లబ్ధిదారు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సంతకం తనది కాదు కాబట్టి బాధ లేదు. ఇల్లు వచ్చింది కాబట్టి సంతోషం. కానీ రెండూ కలిపి ఏ మొహం పెట్టాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు.

నాలుగు పేజీల వాంగ్మూలాన్ని చింపెయ్యమని సూపర్నెంటు గుమాస్తాకిచ్చాడు. దాన్ని ఫోటోల మేడమ్ అడిగి తీసుకుంది. ఎనభై ఎనిమిదో ఫోటో చట్రం వెనక అట్ట విప్పి, అందులో మడిచిపెట్టి, మళ్ళీ మేకులు కొట్టిందని తర్వాత తెలిసింది. వంశవృక్షం మీది వ్యాసం మాత్రం ఆమె ఎక్కడా చదవలేదు.

సోమవారం హాలు కిటకిటలాడింది. వేదికమీద మూడో కుర్చీలో లబ్ధిదారు. ఇస్త్రీ కోటు, గీసిన గడ్డం. ప్రసంగాల్లో ఆయన్ని ‘ఉత్తర ప్రాంత ప్రజల సజీవ ప్రతినిధి’ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మెడ రెండు వేళ్ళే వంచాడు, ప్రతినిధికి అంతకంటే కూడదని. ఆ తర్వాత మంచు బాధితులకి కొత్త ఇంటి తాళంచెవి అందజేత. బాధితుల పేరిట సంతకం పెట్టిన మనిషే అందుకోవాలని నిబంధన.

ఇంటావిడ లేచింది. జీవితంలో మొదటి ఫోటో ఆమెకి. జిల్లా అధికారిణి చిరునవ్వుతో చెయ్యి చాచింది. ప్రచార శాఖ ఉద్యోగి ఫోను పైకెత్తి, “అమ్మా, ఇటు చూడండి, కొంచెం నవ్వండి,” అన్నాడు. కుర్చీలో లబ్ధిదారు ఆగలేకపోయాడు. మెడ పట్టుకుని సైగ చేస్తూ, “నాలుగు వేళ్ళు! అది తీసుకోకు ఇంకా, పట్టుకుని ఉండు, పట్టుకుని ఉండు!” అని గుసగుసగా అరిచాడు.

ఆమె తాళంచెవి తీసుకుంది. కోటు జేబులో వేసుకుంది. నడిచి వెళ్ళిపోయింది.

ఫోను అప్పుడే క్లిక్కుమంది. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. జిల్లా అధికారిణి ఖాళీ చెయ్యి చాచి, ఎవరూ లేని చోటికి చూస్తూ ఎంతో ఆప్యాయంగా నవ్వుతుంటుంది. కుడి అంచున ఒక మోచెయ్యి, అదీ మసగ్గా. రాజధానికి పంపడానికి పనికిరాదన్నారు. ఫోటోల మేడమ్ దానికీ ఒక నంబరు వేసి, కింద ఇంటావిడ పేరు, ఆమె తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, చేసే పని, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి భద్రపరిచింది.

ఆ మధ్యాహ్నమే సామాను తోపుడుబండి మీద వేసుకుని వాలు ఎక్కారు. దారి పొడవునా లబ్ధిదారు సణుగుడు ఆపలేదు. ప్రదర్శనలో తన చుట్టూ ఎంతమంది మూగారో ఒక ముక్క, ఫోటో పాడైపోయిందన్నది ఒక ముక్క.

“ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి పక్కనే కూర్చుని చెబుతున్నాను. ఒక్క క్షణం ఆగితే ఏం పోయేదే? చెయ్యి మసక, మొహం లేదు. ఇన్నేళ్ళలో ఇలాంటి ఫోటో మా ఆఫీసు చరిత్రలో లేదు. రేపెవరైనా చూస్తే ఏమనుకుంటారు, తాళంచెవి లాక్కుని పారిపోయిందనుకోరూ?”

ఇంటావిడ అప్పటికే గడప దగ్గరుంది. తాళం కొత్తది, కాస్త బిగుసుకుంది. భుజంతో తోసింది. తలుపు తెరుచుకుంది.

“అనుకోనీ,” అంది లోపలినుంచి. “బూట్లకి మంచు దులుపుకుని రా.”